బస్వప్ప ఇప్పిన సైలెన్సర్

మా ఊరి వర్తక సంఘం వాళ్ళు జహీరాబాద్ పాత బజారు గురించి ఈ మధ్య ఒక పుస్తకం వేశారు. అందులో ఐసుగడ్డలు అమ్మినాయన ఉన్నాడు. రిక్షాకు సినిమా బొమ్మలు కట్టి మైకులో అరిచినాయన ఉన్నాడు. సంతలో నేల మీద గుడ్డ పరిచి పళ్ళు పీకినాయనకైతే ఫోటోతో సహా ఒక పేజీ ఇచ్చారు. బీదర్ రోడ్డు మీది బస్వప్ప దుకాణం మాత్రం లేదు. నేను రాసి ఇవ్వక కాదు. స్వయంగా తీసుకెళ్ళి ఇచ్చాను. చూస్తామన్నారు. మళ్ళీ వెళితే చదువుతున్నామన్నారు. పుస్తకం అచ్చయ్యాక, స్థలం సరిపోలేదు సార్ అన్నాడు అక్కడి గుమాస్తా, నా మొహం వైపు చూడకుండా. బస్వప్ప గురించి నేను నోరు తెరిస్తే ఈ ఊళ్ళో ఎవరికైనా సరే అప్పటికప్పుడు ఏదో పని గుర్తొస్తుంది. ఇది ఇవాళ్టి సంగతి కాదు. నా జుట్టు నల్లగా ఉన్నప్పటి నుంచీ జరుగుతున్నదే.

ఆ పుస్తకం ముందు పెట్టుకుని కూర్చున్న పొద్దుటే మా వీధిలోంచి ఒక మోటార్ సైకిల్ పోయింది. ఇప్పటి కుర్రాళ్ళు కంపెనీ సైలెన్సర్ తీసేసి బయట కొన్న పొట్టిది తొడిగించుకుంటున్నారు చూడండి, ఆ రకం. కిటికీ రెక్క టకటకలాడింది. గ్లాసులో చాయ్ వణికింది. నేను లేచి బయటికి వెళ్ళాను గానీ బండిని చూడలేదు. ఎదురింటి గుంజకు కట్టేసిన మేకను చూశాను. అది తాడు తెగేలా గింజుకుంటోంది. మోత విన్నప్పుడు బండి వైపు కాకుండా చుట్టూ ఉన్న ప్రాణుల వైపు చూడడం బస్వప్ప నాకు అంటించిన అలవాటు. ఆయనను ఎన్నడూ చూడనివాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. చూసి కూడా మరిచిపోయినట్టు ఉండేవాళ్ళు చదివినా నాకు అభ్యంతరం లేదు.

బస్వప్పది బీదర్ అవతలి పల్లె నుంచి వచ్చిన కుటుంబం. ఇంట్లో కన్నడం, దుకాణంలో ఉర్దూ, తగాదాలకు తెలుగు. తిట్టడానికి మీ భాషంత సౌకర్యంగా ఇంకోటి లేదనేవాడు. పొద్దున నుదుటి మీద పెట్టుకున్న విభూతి, వేళ్ళకు అంటిన గ్రీజు, సాయంత్రానికి రెండూ మొహమంతా కలిసిపోయేవి. అణకువ ఆయన దగ్గర మచ్చుకైనా లేదు. సోలాపూర్ నుంచి హైదరాబాద్ దాకా రోడ్డు మీద ఎవరినైనా అడుగు, సైలెన్సర్ అంటే బస్వప్ప పేరే చెబుతారు అని వచ్చినవాడికల్లా వినిపించేవాడు. నిజానికి బండికి లైటు వెలగకపోతే బాగుచేయడం ఆయనకు చేతకాదు. బండినీ, దాన్ని చేసినవాళ్ళనీ, కొన్నవాడినీ కలిపి తిట్టి, పగలు తిరుగు పో అని పంపేసేవాడు. గిరాకీతో మర్యాదగా మాట్లాడడం కూడా చేతకాదు. అయినా దుకాణం ముందు ఎప్పుడూ బండ్లు ఉండేవి.

డెబ్బైల చివర నేను ఒక విత్తనాల వ్యాపారి దగ్గర ఏజెంటుగా చేరాను. న్యాల్‌కల్, మొగుడంపల్లి, ఝరాసంగం చుట్టుపక్కల పల్లెలన్నీ తిరగాలి. అందుకని ఒక పాత మోటార్ సైకిల్ కొన్నాను. దాని పాత యజమాని రేసు బండిలా కనిపించాలని హ్యాండిల్ కిందికి వంపించాడు, సీటు పొట్టిగా కోయించాడు. సైలెన్సర్ మాత్రం అడుగున తుప్పు తిని చిల్లులు పడింది. కొత్తది ఎంచుకోవడానికి బస్వప్ప దగ్గరికి వెళ్ళాను. నా మనసులో ఏముందో దాచిపెట్టడం ఎందుకు? పల్లెల్లో పెద్ద రైతుల ఇళ్ళ ముందు నన్ను గంటల తరబడి నిలబెట్టేవాళ్ళు. స్నానం అయ్యిందాకా ఆగు, పూజ అయ్యిందాకా ఆగు, భోజనం అయ్యిందాకా ఆగు. ఎవరు ఎక్కడ నిలబెట్టారో ఇప్పటికీ చెప్పగలను. నేను వస్తున్నానంటే ఊరు తలెత్తి చూడాలి అనుకున్నాను.

బస్వప్ప మూడు రకాలు తెచ్చి నేల మీద పరిచాడు. ఇంజన్ నుంచి వచ్చే వంపు గొట్టం అలాగే ఉంటుంది. దాని కొసకు సైలెన్సర్ తొడిగి, ఒక క్లాంపు వేసి, ఒక బోల్టు బిగిస్తే పని అయిపోతుంది. మొదటిది కంపెనీది, పొడుగ్గా, బరువుగా ఉంది. రెండోది హైదరాబాద్‌లో రేకు చుట్టి చేసిన నకలు. మూడోది బొంబాయి నుంచి లారీలో వచ్చింది. పొట్టిగా, చివర సన్నాయి నోరులా విచ్చుకుని, తళతళా మెరుస్తోంది. లోపల చిల్లుల గొట్టం ఒకటి ఉంటుంది, జాలి అంటారు. మోతను అణిచేది అదే. బొంబాయి దాంట్లో జాలి పేరుకు మాత్రమే ఉంది. నేను దాన్నే చూపించాను.

"ఎందుకు గదే?" అన్నాడు.

మోత బాగుంటుందన్నాను.

"ఎవలకు బాగుంటది?"

నేను దాని విచ్చుకున్న నోటి చుట్టూ వేలు తిప్పాను. బస్వప్ప గుడ్డతో చేతులు తుడుచుకుంటూ, "నీ బండి మోత నువ్వు ఎన్నడు ఇనవయ్యా. నువ్వు ముందుకు పోతుంటవ్, మోత ఎనకకు పోతుంటది. ఇనేటోళ్ళు వేరే ఉంటరు," అన్నాడు. ఆ రోజు ఏదీ అమ్మలేదు. సంత రోజు మండీ దగ్గరికి రమ్మన్నాడు.

సంత రోజు అల్లం, ఆలుగడ్డ బస్తాలతో వచ్చిన ఎడ్ల బండ్లు మండీ ముందు బారులు తీరి ఉండేవి. నన్ను అరుగు మీద నిలబెట్టి, నా బండి తానే ఎక్కాడు. "నన్ను జూడకు. ఎద్దుల చెవులు జూడు," అన్నాడు. కంపెనీ సైలెన్సర్‌తో ఒకసారి బండ్ల పక్కనుంచి పోయాడు. ఎద్దులు నెమరు వేయడం ఆపలేదు. రోడ్డు పక్కనే కూర్చుని దాన్ని తీసి నకలు తొడిగాడు. ఈసారి ఒక్కో చెవి అటు తిరిగింది. చివర బొంబాయిది. ఎద్దుల చెవులు రెండూ వెనక్కి అతుక్కుపోయాయి. తలలెత్తి, కనుగుడ్లు తెల్లగా తిప్పుతూ కాడి కింద పెనుగులాడాయి. ఒక రైతు బస్వప్ప అమ్మనూ అమ్మమ్మనూ వదలకుండా తిట్టాడు. బస్వప్ప బండి ఆపి ఆయనకు సలాం కొట్టి నా దగ్గరికి వచ్చాడు.

"సూసినవా? రేపు నువ్వు గింజలు అమ్మవోయేది గీయనకే. బోణీ బాగయింది."

అరుగు మీద ఉన్నవాళ్ళంతా నవ్వారు. అయినా నేను బొంబాయి సైలెన్సరే కావాలని మొండికేశాను. నాకు పంతం ఎక్కువ. ఆయన దాన్ని దుకాణానికి తీసుకుపోయి, లోపల ఇంకో సన్నటి జాలి దూర్చి వెల్డింగ్ చేయించాడు. మళ్ళీ మండీ ముందుకు తెచ్చి నడిపాడు. ఎద్దులు ఒక్క చెవి తిప్పి ఊరుకున్నాయి. "గిది నీ బండి," అన్నాడు. "నువ్వొస్తున్నవని తెల్వాలె. నువ్వొస్తున్నవని బుగులు పడొద్దు." ఆ మోత ఉన్నన్నాళ్ళూ పల్లెల్లో నన్ను చూసి పశువు బెదరలేదు. ఇంటి ముందు నిలబెట్టడం మాత్రం మానలేదు, అది వేరే సంగతి.

ఇది ఆయన నా ఒక్కడికే చేసింది కాదు. సైలెన్సర్ మార్చాలంటే సంత రోజు ఎద్దుల ముందు నడిపి చూడాల్సిందే, అది ఆయన పద్ధతి. పని లేనివాళ్ళు వినోదం చూడడానికి వచ్చేవాళ్ళు. మండీ పెద్ద, వర్తక సంఘం అధ్యక్షుడు, ఆయన కూడా తన బండి సైలెన్సర్ అలాగే ఎంచుకున్నాడు. అరుగు మీద ఆయన పక్కన నిలబడ్డవాళ్ళలో నేనూ ఉన్నాను.

తర్వాత ఏళ్ళలో రోజూ సాయంత్రం బస్వప్ప దుకాణంలో కూర్చోవడం అలవాటైంది. నాకు ఆ రోజు జరిగిన అవమానాలన్నీ ఆయనకు చెప్పుకునేవాణ్ణి. ఆయన నాకు షికాయత్ సాబ్ అని పేరు పెట్టాడు. ఫిర్యాదుల దొర అని. బజారంతా అదే పట్టుకున్నారు. ఒకసారి మా వ్యాపారి నా పల్లెలను తన బావమరిదికి ఇచ్చేశాడని నేను ఆయన ముందు ఏడ్చినంత పని చేశాను. బస్వప్ప స్పానర్ తిప్పడం ఆపకుండా, నాకు చెబితే ఏం లాభం, చేసినవాడి ముందు నిలబడి అడుగు, ఇస్తాడో ఇవ్వడో, అడిగినవాడివి అవుతావు అన్నాడు. వెళ్ళి అడిగాను. ఇవ్వలేదు. కానీ ఆ వ్యాపారి ఆ తర్వాత నా కళ్ళలోకి సూటిగా చూడలేకపోయాడు. నాకు అది చాలా కాలం సరిపోయింది.

ఎనభైల మొదట్లో ప్రతాప్ అనే కుర్రాడు వచ్చాడు. న్యాల్‌కల్ వైపు పెద్ద భూస్వామి కొడుకు. వాళ్ళ పంట అంతా మండీ అధ్యక్షుడి దుకాణంలోనే అమ్ముడయ్యేది. ప్రతాప్ తన కొత్త బండికి బొంబాయి నుంచి తానే ఒక సైలెన్సర్ తెచ్చుకున్నాడు. అందులో జాలి అన్నదే లేదు, ఉత్త గొట్టం. బస్వప్ప తన పద్ధతి ప్రకారం సంత రోజు దాన్ని తొడిగి మండీ ముందు నడిపాడు. ఒక ఎద్దు పలుపు తెంపుకుని జొన్న బస్తాల మీద పడింది. బస్వప్ప అక్కడే, అరుగు మీది అధ్యక్షుడితో సహా అందరం చూస్తుండగా, సైలెన్సర్ తీసి పక్కన పెట్టాడు. పాతది తొడిగేశాడు. లోపల జాలి వేయిస్తానంటే సరే, లేదంటే ఇది ఈ ఊరి రోడ్డు మీద నడవదు అని ప్రతాప్‌కు చెప్పాడు. ప్రతాప్ తనకు ఎద్దులతో పని లేదన్నాడు. దానికి బస్వప్ప, "నీకు లేకున్నా ఎద్దులకు నీతోని పనున్నట్టుంది బిడ్డా, జర అటు జూడు," అన్నాడు. తెంచుకున్న ఎద్దు ప్రతాప్ వైపే చూస్తోంది. మండీ అంతా గొల్లుమంది. ప్రతాప్ ఎర్రబడిన మొహంతో ఆ గొట్టాన్ని గోనెసంచిలో చుట్టుకుని వెళ్ళిపోయాడు.

ఒక క్లాంపు, ఒక బోల్టు. మేస్త్రీ అక్కర్లేదు, చేతిలో స్పానర్ ఉంటే ఎవరైనా తొడుక్కోవచ్చు. ప్రతాప్ ఇంటి దగ్గర తానే తొడుక్కున్నాడు. కొన్నాళ్ళకు ఝరాసంగం రోడ్డు మీద, వాన నీళ్ళు పోయే మోరీ దగ్గర, ఎదురుగా వస్తున్న ఎడ్ల బండి పక్కనుంచి అదే మోతతో దూసుకుపోయాడు. ఎద్దులు బెదిరి రోడ్డు దిగాయి. బండి బోర్లాపడింది. అల్లం బస్తాల మీద కూర్చున్న మొగులమ్మ అనే ఆమె బస్తాల కింద పడింది. దవాఖానకు తెచ్చేసరికే ప్రాణం పోయింది. బండి తోలిన ఆమె భర్త తుకారాం కాలు విరిగింది. పోలీసులు గొడ్లు బెదిరి బండి తిరగబడిందని రాసుకుని వెళ్ళిపోయారు. గొడ్లు ఎందుకు బెదిరాయో రాసుకోలేదు.

పల్లెలవాళ్ళు మాత్రం ఊరుకోలేదు. దీనికి ఎవరో ఒకరు జవాబు చెప్పేదాకా జహీరాబాద్ మండీకి బండి తోలం అన్నారు. తోలలేదు కూడా. సంత రోజు మండీ ముందు కుక్కలు తిరిగాయి. వర్తకులకు నిద్ర పట్టలేదు. అధ్యక్షుడు మండీ షెడ్డులో అందరినీ పిలిచి మీటింగు పెట్టాడు. పల్లెల నుంచి రైతులు వచ్చారు. తుకారాంను కట్టు కట్టిన కాలుతో మంచం మీద మోసుకొచ్చారు. ప్రతాప్ రాలేదు. వాళ్ళ నాన్న అధ్యక్షుడి పక్కన కుర్చీలో కూర్చున్నాడు.

ఇక్కడ ఒక మాట వివరించాలి. మా దగ్గర విప్పడాన్ని ఇప్పడం అంటాం. బండి నుంచి ఏదైనా సామాను ఊడదీస్తే ఇప్పినం అంటాం. అదే మోటారు దుకాణాల్లో ఇప్పిన సైలెన్సర్ అంటే ఇంకో అర్థం ఉంది. లోపలి జాలి పీకేసి, మోత కోసం కడుపు ఖాళీ చేసిన సైలెన్సర్. రెండూ ఒకటే మాట. అధ్యక్షుడు చాలాసేపు మొగులమ్మ గురించి బాధగా మాట్లాడి, బస్వప్ప వైపు తిరిగి అడిగాడు.

"బస్వప్పా, ప్రతాప్ బాబు బండి సైలెన్సర్ ఎవలు ఇప్పిన్రు?"

"నేనే ఇప్పిన," అన్నాడు బస్వప్ప. గర్వంగానే అన్నాడు. మండీ అంతా చూస్తుండగా ఊడదీసి పక్కన పెట్టినవాడు కదా.

షెడ్డంతా ఒక్కసారిగా లేచింది. వచ్చిన రైతుల్లో చాలామంది ఆ సంత రోజు అక్కడ లేరు. వాళ్ళకు వినిపించింది ఒక్కటే, సైలెన్సర్ కడుపు ఖాళీ చేసింది నేనే అని ఈయన ఒప్పుకున్నాడు. ఆ సంత రోజు ఉన్న వర్తకులు తలలు దించుకుని కాళ్ళ కింది గింజలు చూస్తున్నారు. నేను లేచాను. ఇప్పిండంటే బండి నుంచి తీసేసిండు, జాలి లేదని తీసేసిండు, మీరందరు చూసిన్రు అని అరవబోయాను. సగం మాట నోట్లోనే ఉంది.

"శంకర్, నువ్వు కూసో. నిన్నెవలు అడగలే," అన్నాడు అధ్యక్షుడు.

షికాయత్ సాబ్ మొదలు పెట్టిండు అని వెనక ఎవరో అన్నారు. నవ్వారు. చచ్చిపోయిన మనిషి మొగుడు మంచం మీద పడుకుని ఉండగా, నా మాటకు నవ్వారు. ఎవరో నా చొక్కా పట్టి గుంజితే బస్తాల మీద కూలబడ్డాను. అప్పటికి బస్వప్పకు అర్థమైంది. ఆవేశంలో తెలుగు పోయి కన్నడం వచ్చింది. చేతులు ఊపుతూ ఏదో చెబుతూనే ఉన్నాడు, ఆ గోలలో ఎవరికీ వినబడలేదు. బస్వప్ప దుకాణానికి ఎవరూ బండి ఇవ్వకూడదని తీర్మానం చేశారు. మర్నాటి నుంచి ఎడ్ల బండ్లు మండీకి వచ్చాయి.

ఆయన దుకాణం తెరవడం మానలేదు. పని లేకుండానే తెరిచి కూర్చునేవాడు. ఊరంతా చూసింది గద, నాలుగు రోజులైతే వాళ్ళే చెప్తరు అనేవాడు నాతో. ఎవరూ చెప్పలేదు. నేను చెప్పబోతే వినలేదు. కాలు కట్టు విప్పాక తుకారాం సంత రోజుల్లో వచ్చి దుకాణానికి ఎదురుగా, రోడ్డు అవతల, కర్ర పక్కన పెట్టుకుని కూర్చోవడం మొదలుపెట్టాడు. తిట్టడు, రాయి వేయడు. చూస్తూ ఉంటాడు. ఒకరోజు మధ్యాహ్నం బస్వప్ప లేచి రోడ్డు దాటి ఆయన పక్కన నేల మీద కూర్చున్నాడు. నేనూ వెంట వెళ్ళాను. బస్వప్ప అంత మెల్లగా మాట్లాడడం నేను అంతకు ముందు వినలేదు. ఆ సైలెన్సర్ నేను తొడగలేదన్నా, నేను తీసేసినోణ్ణి అన్నాడు.

తుకారాం కర్ర దగ్గరికి లాక్కుని, "నేనే ఇప్పిన అన్నవ్ గదనే. నీ నోటితోనే అన్నవ్," అన్నాడు. కోపంగా కాదు. అలసిపోయినవాడిలా అన్నాడు.

బస్వప్ప లేచాడు. దుకాణంలోకి వచ్చి, సామాను గోనెసంచుల్లో వేయడం మొదలుపెట్టాడు. నేను వద్దన్నాను, పోలీసుల దగ్గరికి పోదాం, కలెక్టరుకు రాద్దాం అన్నాను. ఊరందరు అబద్ధం ఆడినా తట్టుకుంటానని, దాన్ని తుకారాం నమ్మినంక తట్టుకోలేనని అన్నాడు. ఆ వారంలోనే భార్య నాగమ్మతో బీదర్ పోయాడు. అక్కడ తమ్ముడి దుకాణంలో పంటకు మందు కొట్టే పంపులు బాగుచేసేవాడు. మళ్ళీ సైలెన్సర్ ముట్టలేదు. రోడ్డు మీద మోటార్ సైకిల్ పోతుంటే లేచి లోపలికి వెళ్ళిపోయేవాడని వాళ్ళ తమ్ముడు చెప్పాడు. ఎనభైలు అయిపోకముందే గుండె ఆగిపోయింది. నేను వెళ్ళేసరికి మట్టి చేసి వచ్చారు. నాగమ్మ గడప మీద కూర్చుని ఉంది. నన్ను చూసి ఏడవలేదు. "ఊరందరి బండ్లు బయటోళ్ళకు ఎట్ల ఇనబడ్తయో చూసిండు శంకరయ్యా. ఆయన నోటి మాట ఎట్ల ఇనబడ్తదో చూసుకోలే," అంది.

ఆ మాట నన్ను వదలలేదు. నేను ఏ వాక్యమైనా ఎవరు, దేన్ని, ఎందుకు అని మూడూ చెప్పకుండా ముగించను. మా ఆవిడ, గ్యాసు అయిపోయింది అనడానికి నీకు పావుగంట పడుతుంది అంటుంది. కానివ్వండి. ఆ పావుగంట తీసుకోకుండా మాట్లాడిన ఒక మనిషి ఏమయ్యాడో నేను చూశాను. ప్రతాప్ తర్వాత కాంట్రాక్టర్ అయ్యాడు, మనవళ్ళను ఎత్తుకున్నాడు. తుకారాం ఎప్పుడో పోయాడు, బస్వప్పే తన భార్యను చంపాడని నమ్ముతూనే పోయాడు. అది నాకు అన్నిటికన్నా బరువుగా ఉంటుంది. ఆయనకైనా నిజం తెలియాల్సింది.

అప్పటి అధ్యక్షుడు బతికే ఉన్నారు. సాయంత్రాలు కొడుకు సిమెంటు దుకాణంలో ఫ్యాను కింద కూర్చుంటారు. నేను వెళితే కుర్చీ వేయిస్తారు, చాయ్ తెప్పిస్తారు, నా మోకాళ్ళ గురించి అడుగుతారు. బస్వప్ప పేరెత్తితే పాత ముచ్చట్లు ఎందుకు శంకర్ అంటారు, చెవి మిషన్ సరిచేసుకుంటారు. ఈ పుస్తకానికి ముందుమాట కూడా ఆయనదే. అందుకే ఇది రాశాను, చెవితో పని లేకుండా చదువుకోవచ్చని.

అయ్యా, మీకు తెలుగు బాగా వచ్చు, మోటారు దుకాణాల మాటా వచ్చు. ఆ సంత రోజు మీరు అరుగు మీద ఉన్నారు, బస్వప్ప ఏం తీశాడో, ఎందుకు తీశాడో మీ కళ్ళతో చూశారు. ఆ షెడ్డులో, అంతమంది ముందు, ఎవలు ఇప్పిన్రు అని మీరు అడిగినప్పుడు, బండి నుంచి ఊడదీసింది ఎవరని అడిగారా, కడుపు ఖాళీ చేసింది ఎవరని అడిగారా? రెండిట్లో ఏదో చెప్పండి. నన్ను కూర్చోమనకండి. నిలబడే ఉన్నాను.